కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కుతోంది గానీ ఆండ్రాయిడ్ ఆటో రావట్లేదు, తప్పు ఫోన్‌దా కారుదా?

పక్కసీటు:

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాను. దాంట్లో కంపెనీ నుంచే వచ్చిన టచ్ స్క్రీన్ ఉంది, మాన్యువల్ తిరగేస్తే ఫోన్‌లోని మ్యాపు, పాటలు, కాల్స్‌ని కారు స్క్రీన్ మీదికి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో (ఆండ్రాయిడ్ ఫోన్లకి), కార్‌ప్లే (ఐఫోన్లకి) రెండూ ఉన్నాయని రాసుంది, కాకపోతే రెండూ కేబుల్‌తోనే, వైర్‌లెస్ లేదు. నా ఫోన్‌లో ఆండ్రాయిడ్ 14 ఉంది. బ్లూటూత్‌తో ఏ ఇబ్బందీ లేదు, కారెక్కగానే దానంతట అదే కలుస్తుంది, పాటలొస్తాయి. కేబుల్ దగ్గరే వచ్చింది చిక్కంతా. పెట్టగానే ఫోన్ మీద చార్జింగ్ గుర్తు వస్తుంది, కారు స్క్రీన్ మీద ఆండ్రాయిడ్ ఆటో బొమ్మ మాత్రం బూడిద రంగులో అలాగే పడి ఉంటుంది, నొక్కినా ఉలకదు పలకదు.

చేయాల్సినవన్నీ చేశాననే అనుకుంటున్నా. ఫోన్ రీస్టార్ట్ చేశాను, బ్లూటూత్ జత తీసేసి మళ్లీ కలిపాను, ఆండ్రాయిడ్ ఆటో యాప్ కోసం ఫోన్ అంతా వెతికితే ఐకానే కనిపించలేదు (ఇది కూడా మామూలేనా?). ప్లే స్టోర్‌లో చూస్తే మాత్రం ఇన్‌స్టాల్ అయ్యే ఉందంటోంది. కేబుల్ బాగానే ఉంది, పవర్ బ్యాంక్‌తో వచ్చింది, చార్జింగ్ చక్కగా ఎక్కుతుంది కాబట్టి దాన్ని నేను అనుమానించట్లేదు.

అసలు బాధ ఇది కాదు. మా ఆవిడ తన ఐఫోన్ 15ని అదే కారులో, అదే పోర్టులో, తన కేబుల్‌తో పెడితే మొదటిసారే కార్‌ప్లే వచ్చేసింది. అప్పటినుంచి దారి అడిగితే చాలు, "మీ ఫోన్‌ని అడగండి" అంటోంది.

తెలిసినవాళ్లని అడిగితే ఒకాయన ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమన్నారు, ఇంకొకాయన కారు బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెట్టమన్నారు, మూడో ఆయన ఏకంగా స్క్రీనే మార్చేయమన్నారు. ఈ మూడూ చేసే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను.

ఇంకోటి, కారు స్క్రీన్ మీద ఫోన్‌బుక్ తెరిస్తే నాకు తెలియని పేర్లు బోలెడు వస్తున్నాయి. పాత ఓనరువే అయ్యుంటాయి. వాటినేం చేయాలి?


నాలుగు_తీగలు:

మీరు అనుమానించని కేబులే దొంగ. పందెం.

మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. మీ ఆవిడ ఫోన్ అదే పోర్టులో పనిచేసిందంటే పోర్టు బాగుంది, స్క్రీన్ బాగుంది, ఆ రెండింటి మధ్య డ్యాష్‌బోర్డు లోపల పోయే వైరు కూడా బాగుంది. మిగిలింది మీ కేబుల్, మీ ఫోన్. అందులో ముందు కేబుల్‌ని పట్టుకోవడం తేలిక కదా. స్క్రీన్ మార్చమన్న ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ కోస్తే లోపల నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. పవర్ బ్యాంకులతో, ట్రిమ్మర్లతో, చిన్నచిన్న లైట్లతో ఇచ్చే కేబుళ్లలో కొన్నింటికి ఆ డేటా తీగలు అసలుండవు, ఎందుకంటే వాటి పని చార్జింగ్ ఒక్కటే, తయారుచేసేవాడికి రెండు తీగల రాగి మిగులుతుంది. అలాంటి కేబుల్ పెడితే ఫోన్‌కి కరెంటు అందుతుంది గానీ అవతల కారుందో గోడ సాకెట్ ఉందో దానికి తెలిసే దారే లేదు. కారుకీ అంతే. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే, చార్జింగ్ ఉంది, పలకరింపు లేదు. "చార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి కేబుల్ బాగుంది" అన్న ఒక్క మాట నమ్మి ఎంతమంది సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగారో, అందులో నేనూ ఒకణ్ని. నాకైతే అక్కడ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నారు, తర్వాత పోర్టు మార్చాలన్నారు, చివరికి పక్కనున్న కుర్రాడు తన జేబులోంచి కేబుల్ తీసి పెట్టాడు, వచ్చేసింది.

కారు దాకా వెళ్లకుండానే తేల్చేయొచ్చు. ఆ పవర్ బ్యాంక్ కేబుల్‌తో ఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టండి. ఫోన్ పైనుంచి నోటిఫికేషన్ లాగితే యూఎస్‌బీ ఎంపికలు, ఫైల్ ట్రాన్స్‌ఫర్ లాంటివి కనిపించాలి. ఎంత వెతికినా ఉత్త చార్జింగ్ తప్ప ఇంకేమీ రాకపోతే కేబుల్ సంగతి తేలిపోయినట్టే. ఇంకా తేలిక దారి, ఐఫోన్ 15కి ఉన్నదీ యూఎస్‌బీ-సి పోర్టే కదా, మీ ఆవిడ కేబుల్ నేరుగా మీ ఫోన్‌కి సరిపోతుంది. ఒకసారి అడిగి తీసుకోండి, పరువు పోతే పోయింది.

కొత్తది కొనాల్సి వస్తే పొడుగుది కొనకండి. మీటరు కంటే పొట్టి కేబుల్ వాడమని, మధ్యలో హబ్బులూ ఎక్స్‌టెన్షన్లూ పెట్టొద్దని గూగుల్ సహాయ పేజీలోనే ఉంది.

ఐకాన్ కనిపించకపోవడం మామూలే. ఆండ్రాయిడ్ 10 నుంచి అది ఫోన్‌లో భాగమైపోయింది, సెట్టింగ్స్‌లో కనెక్టెడ్ డివైజెస్ వైపు వెతకండి, లేదా సెట్టింగ్స్ పైనున్న వెతుకులాట పెట్టెలో ఆండ్రాయిడ్ ఆటో అని కొట్టండి. మొదటిసారి కలిపేటప్పుడు మాత్రం బండి ఆగి ఉండాలి, ఫోన్ లాక్ తీసి ఉండాలి, ఎందుకంటే అది వరసగా అనుమతులు అడుగుతుంది, అవి ఒప్పుకోకపోతే ముందుకు కదలదు.


తొందరగేరు:

అన్నా ఇంత లెక్చర్ ఎందుకు, ఒక వైర్‌లెస్ అడాప్టర్ తెచ్చి పోర్టులో గుచ్చెయ్, కేబుల్ గొడవే ఉండదు. నేను ఆరు నెలల నుంచి వాడుతున్నా, ఫోన్ జేబులోంచి తీయను కూడా.


రాత్రిప్రయాణం:

తొందరగేరు బ్రో, నేనూ అడాప్టరే వాడతాను, దాని మీద నాకేం కోపం లేదు. కానీ పక్కసీటు గారికి ఇప్పుడే కొనమని చెప్పడం రోగం తెలియకుండా మందు ఇవ్వడమే. ఆ అడాప్టర్ ఏం చేస్తుందో చూడు. కారు పోర్టులో కూర్చుని "నేనే కేబుల్‌తో వచ్చిన ఫోన్‌ని" అని కారుని నమ్మిస్తుంది, ఇటు మన ఫోన్‌తో గాల్లో మాట్లాడుతుంది. ముందు బ్లూటూత్‌తో పలకరించుకుంటారు, వైఫై వివరాలు ఇచ్చిపుచ్చుకుంటారు, ఆ తర్వాత మ్యాపు, పాట, బొమ్మ అన్నీ వైఫై మీదే నడుస్తాయి, అదీ ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ మీద. కారులోనే వైర్‌లెస్ ఉన్న మోడళ్లలోనూ పద్ధతి ఇదే. బ్లూటూత్ ఒక్కదానితో అంత బొమ్మ మోయడం కుదరదు కాబట్టే ఈ రెండంచెల ఏర్పాటు. ఆండ్రాయిడ్ 11, ఆపై ఉన్న ఫోన్‌కి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే సాధారణంగా సరిపోతుంది, ఆయన ఫోన్‌కి ఆ ఇబ్బంది లేదు.

వాడేవాణ్ని కాబట్టి కష్టాలు కూడా చెప్తా. కారు స్టార్ట్ చేశాక అడాప్టర్ లేచి, ఫోన్‌ని వెతికి, కలిసేసరికి గేటు దాటి వీధి చివరికి వచ్చేస్తాను. పాట మార్చమని నొక్కితే ఒక్క క్షణం ఆలోచించి మారుస్తుంది. ఫోన్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ మీదుగా రహస్యంగా పంపేది) వేసి ఉంటే నాకు కలవనే కలవదు, అది కనుక్కోవడానికి రెండు వారాలు పట్టింది, ఆఫీసు వీపీఎన్ ఆపకుండానే కిందికి వచ్చేవాణ్ని మరి. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లో ఉన్నా పేచీలే. అన్నిటికంటే ఎక్కువ ఫోన్ వేడి. జీపీఎస్, మొబైల్ డేటా, వైఫై మూడూ ఒకేసారి నడుస్తుంటే బ్యాటరీ దిగిపోతుంది, దిగిపోతోందని పక్కన చార్జింగ్ పెడితే ఇంకా వేడెక్కుతుంది. పైగా దాన్ని డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టామంటే ఇక చెప్పక్కర్లేదు. ఐఫోన్లని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని యాపిల్ చెప్తుంది, ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది.

రోజూ పదేసి నిమిషాలు తిరిగేవాళ్లకి అడాప్టర్ హాయి. నాలాగా రాత్రంతా నడిపేవాడికి కేబులే మేలు, మ్యాపు ఆగదు, చార్జింగూ ఎక్కుతుంది. నా అడాప్టర్ వారంలో ఐదు రోజులు గ్లవ్ బాక్సులోనే నిద్రపోతుంది.


పక్కసీటు:

నాలుగు_తీగలు గారూ, పందెం మీరే గెలిచారు. పవర్ బ్యాంక్ కేబుల్ కంప్యూటర్‌కి పెడితే చార్జింగ్ తప్ప ఏమీ లేదు. మా ఆవిడ కేబుల్ పెట్టగానే కారు స్క్రీన్ మీద ఆండ్రాయిడ్ ఆటో టక్కున లేచింది. బండి ఆపి అనుమతులన్నీ ఇచ్చాను, మ్యాప్ వచ్చింది, అబ్బో అనుకున్నాను.

సంతోషం రెండు వీధులు కూడా నిలవలేదు. మొదటి గుంతలో బండి దిగగానే స్క్రీన్ నల్లబడి మళ్లీ రేడియో మొదలైంది. కాసేపటికి దానంతట అదే వచ్చింది. ఇంకో గుంత, మళ్లీ పోయింది. ఇదే కేబుల్‌తో ఐఫోన్ అదే దారిలో ఒక్కసారి కూడా తెగలేదు, నేనే పనిగట్టుకుని నడిపి చూశాను.

రెండోది, కాల్ వస్తే స్క్రీన్ మీద పేరు కనిపిస్తోంది, ఎత్తితే గొంతు మాత్రం కారు స్పీకర్లలో కాదు, ఫోన్‌లోనే వస్తోంది. కేబుల్ ఉన్నాక బ్లూటూత్ ఎందుకు, అనవసరంగా బ్యాటరీ తింటుంది అని ఎక్కడో చదివి దాన్ని ఆపేశాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?


స్క్రూడ్రైవర్:

రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం, ఒక్క నిమిషం పని. బ్లూటూత్ ఆన్ చెయ్యండి. ఆండ్రాయిడ్ ఆటోలో కేబుల్ పెట్టినా సరే కాల్ గొంతు బ్లూటూత్ మీదే పోతుంది, మ్యాపు, పాటలు కేబుల్ మీద పోతాయి. కార్‌ప్లే దీనికి తిరగబడి ఉంటుంది, కేబుల్ పెడితే కాల్స్ కూడా కేబుల్ మీదే నడిచిపోతాయి, అప్పుడు ఆ ఫోన్‌కీ కారుకీ మధ్య బ్లూటూత్ అవసరం ఉండదు. ఐఫోన్ వాడే ఎవరో రాసింది చదివి మీరు ఆపేసుంటారు. ఇద్దరూ ఒకే కారులో వెళ్లేటప్పుడు ఇంకో తమాషా జరగొచ్చు, మీ ఫోన్ కేబుల్‌కి, మీ ఆవిడ ఫోన్ బ్లూటూత్‌కి ముందే అంటుకుని ఉంటే మీ కాల్ ఎక్కడ మోగాలో కారుకి అర్థం కాదు. కారు బ్లూటూత్ జాబితాలో ఏ ఫోన్‌కి ముందు ప్రాధాన్యమో పెట్టుకునే వీలు చాలా కార్లలో ఉంటుంది, చూడండి.

ఇక గుంతల సంగతి. నేను ఫోన్లు బాగుచేసే పనిలో ఉన్నాను, కాబట్టి నాకు ఏది చూసినా పోర్టులో చెత్తే కనిపిస్తుంది అని మావాళ్లు నవ్వుతారు, అయినా చెప్తాను. అదే కేబుల్ ఒక ఫోన్‌లో కదలకుండా ఉండి ఇంకో ఫోన్‌లో తెగుతోందంటే, రెండో ఫోన్ పోర్టు లోపల ఏదో ఉంది. పాంట్ జేబులో నూలు పీచు రోజూ కొంచెం కొంచెం పోర్టులోకి పోతుంది, మనం కేబుల్ గుచ్చిన ప్రతిసారీ దాన్ని అడుగుకి దట్టిస్తాం, ఏడాది తిరిగేసరికి అట్టముక్కలా గట్టిపడుతుంది. అప్పుడు ప్లగ్ చివరిదాకా దిగదు. మీరే చూడండి, మీ ఫోన్‌లో గుచ్చినప్పుడు టిక్ మని కూర్చుంటోందా, లేక మెత్తగా ఆగిపోతోందా? మీ ఆవిడ ఫోన్‌లో గుచ్చినప్పుడు కనిపించే ఇనుప అంచు కంటే మీ ఫోన్‌లో ఒక పిసరు ఎక్కువ బయట ఉందా? ఉంటే అదే. మామూలుగా ఇంట్లో చార్జింగ్‌కి పెడితే ఇది తెలియదు, ఫోన్ బల్ల మీద కదలకుండా ఉంటుంది కాబట్టి. కారు కుదుపులకి మాత్రం బండారం బయటపడుతుంది, కరెంటు తెగి అతుక్కున్నా చార్జింగ్ ఏమీ ఎరగనట్టు కొనసాగుతుంది, డేటా ఒక్కసారి తెగిందంటే పలకరింపులన్నీ మళ్లీ మొదటినుంచి.

తీసే పద్ధతి జాగ్రత్తగా వినండి. ఫోన్ పూర్తిగా ఆపేయండి. పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల సన్నగా ఉన్నది తీసుకోండి, లేకపోతే గట్టి ప్లాస్టిక్‌ది. యూఎస్‌బీ-సి పోర్టు మధ్యలో పల్చటి నాలుక లాంటిది ఉంటుంది, పిన్నులన్నీ దాని మీదే ఉంటాయి, దాన్ని తాకకుండా చుట్టూ గోడ వెంబడి పుల్ల నడిపి మెల్లగా బయటికి లాగండి. సూదులు, పిన్నీసులు, సిమ్ తీసే పిన్ను వద్దే వద్దు. నోటితో ఊదకండి, ఉమ్మి తడి పోతుంది లోపలికి. నా దగ్గరికి వచ్చినవాటిలో చెత్తతో పాడైన పోర్టుల కంటే ఆ చెత్త తీయబోయి సూదితో నాలుక విరగ్గొట్టుకున్న పోర్టులే ఎక్కువ. చెయ్యి వణుకుతుందనుకుంటే దుకాణంలో తీయించండి.

బ్యాటరీ వైరు తీయమన్న సలహా మాత్రం వినకండి. కొన్ని పాత స్టీరియోలు కరెంటు పోతే దొంగతనం జరిగిందనుకుని కోడ్ అడుగుతాయి, సెకండ్ హ్యాండ్ కారుకి ఆ కోడ్ చీటీ ఎక్కడుందో ఎవరికి తెలుసు. స్క్రీన్ మొరాయిస్తే దాన్ని రీస్టార్ట్ చేసే పద్ధతి వేరే ఉంటుంది, చాలావాటిలో వాల్యూమ్ లేదా పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవడమే, మీ మాన్యువల్ చూడండి.


వెనకసీటు:

ఆ తెలియని పేర్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నాకు మాత్రం ఈ థ్రెడ్‌లో అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది.

బ్లూటూత్‌తో ఫోన్ కలిపేటప్పుడు "కాంటాక్టులు, కాల్ చరిత్ర ఇవ్వాలా" అని ఒక ప్రశ్న వస్తుంది, మనం చూడకుండా అవునంటాం. అప్పుడు ఫోన్‌బుక్ మొత్తం కారు స్క్రీన్‌కి చేరుతుంది. చాలా కార్లు దాన్ని తమ మెమరీలో ఉంచేసుకుంటాయి, ఫోన్ దూరంగా ఉన్నప్పుడు చూపించకపోవచ్చు గానీ ఉండటం ఉంటుంది. మీ కారైతే చూపిస్తోంది కూడా. అంటే ఆ పాత ఓనరు వాళ్ల అమ్మ నంబరు, డాక్టరు నంబరు, ఎవరెవరివో మీ చేతిలో ఉన్నాయి. నావిగేషన్ తెరవండి, "ఇల్లు" అని వాళ్ల చిరునామా కూడా ఉండొచ్చు. మీరు మంచివాళ్లు కాబట్టి ఇక్కడ అడిగారు.

అందుకే ఒక్కొక్క ఫోన్‌నీ జాబితాలోంచి తీసే బదులు, కారు సెట్టింగ్స్‌లో సిస్టమ్ దగ్గర ఫ్యాక్టరీ రీసెట్ లేదా వ్యక్తిగత డేటా తొలగించు అనే అర్థం వచ్చేది ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కండి. ఇది స్క్రీన్ రీసెట్, మీకెవరో చెప్పిన ఫోన్ రీసెట్ కాదు, రెండూ కలపకండి. రేడియో స్టేషన్లు, సౌండ్ సెట్టింగులు పోతాయి, అంతే, మళ్లీ పెట్టుకుంటారు. అది అయ్యాక ఫోన్‌లో కూడా కారు పేరు తీసేసి, ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగ్స్‌లో పాత కార్లన్నీ మరిచిపో అని కొట్టి, ఇద్దరినీ కొత్తగా పరిచయం చేయండి. పాత జత ఒక వైపు మిగిలి ఇంకో వైపు పోతే అది కూడా కలవడానికి పేచీ పెడుతుంది.

మీ కారు అమ్మేరోజు కూడా ఇదే చేయాలి, అప్పుడు గుర్తుండదు, తాళాలిచ్చే తొందరలో ఉంటాం. అద్దె కారైతే నేను కాంటాక్టులకి వద్దనే చెప్తాను, పాటలకి, కాల్స్‌కి అవి లేకపోయినా ఫరవాలేదు. చార్జింగ్ ఒక్కటే కావాలంటే డేటా ఉన్న పోర్టు జోలికి పోకుండా పన్నెండు వోల్టుల సాకెట్‌లో చార్జర్ పెట్టుకుంటాను. మా ఆయన నన్ను అనుమానాల పుట్ట అంటారు, అననీ.


పాతకారు:

పక్కసీటు గారూ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా కారులో స్క్రీనే లేదు, ఉత్త స్టీరియో, బ్లూటూత్ కూడా కాల్స్ వరకే, పాటలు రావు. ఫోన్ తప్పా?


నాలుగు_తీగలు:

తప్పు ఎవరిదీ కాదు పాతకారు గారూ. బ్లూటూత్ అని మనం ఒకే మాట అంటాం గానీ లోపల ఒక్కో పనికి ఒక్కో ఒప్పందం ఉంటుంది. కాల్స్‌కి హెచ్ఎఫ్‌పీ, స్టీరియో పాటలకి ఏ2డీపీ, స్టీరింగ్ బటన్లతో పాట మార్చడానికి, పాట పేరు చూపడానికి ఏవీఆర్‌సీపీ, ఫోన్‌బుక్ లాగడానికి పీబ్యాప్. మీ స్టీరియోకి మొదటిది మాత్రమే వచ్చు, ఫోన్‌కి అన్నీ వచ్చినా ఇద్దరికీ తెలిసిన భాషలోనే కదా మాట్లాడుకోవాలి. కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాయి, అంతకు ముందటి కార్లలో అవి ఉంటాయని ఆశపడటం అనవసరం. ముందు 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ రంధ్రం ఉందేమో చూడండి, ఉంటే ఒక వైరుతో పనైపోతుంది, శబ్దం కూడా శుభ్రంగా ఉంటుంది. లేకపోతే ఫోన్ పాటని రేడియో స్టేషన్‌లా కారు రేడియోకి పంపే ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్, దాంట్లో పాటతో పాటు గరగర కూడా వింటారు. కారు మీద ప్రేమ ఉంటే స్టీరియో మార్చి కొత్త స్క్రీన్ పెట్టించుకోవచ్చు, స్టీరింగ్ బటన్లు దానితో పనిచేస్తాయో లేదో ముందే అడిగి మరీ పెట్టించుకోండి.


తొందరగేరు:

సందులో సందు, ఆండ్రాయిడ్ ఆటోలో సినిమా ఎందుకు రాదు? ఫోన్ స్క్రీన్ మొత్తం కారులో కనపడాలి కదా?


రాత్రిప్రయాణం:

అది మిర్రరింగ్ కాదు బ్రో. ఫోన్ తెరని ఉన్నదున్నట్టు చూపించదు, కారు కోసం వేరుగా తయారుచేసిన తెరని ఫోన్ గీసి పంపిస్తుంది, అందుకే అన్ని యాప్‌లూ రావు, వచ్చినవి కూడా పెద్ద బటన్లతో, తక్కువ అక్షరాలతో ఉంటాయి. నడిపేటప్పుడు సినిమా చూడకుండా ఉండటానికే అలా కట్టారు. బండి నడుపుతూ వీడియో తెప్పించే అడాప్టర్లు ఎక్కడ దొరుకుతాయి అని మాత్రం నన్ను అడగకు.


స్క్రూడ్రైవర్:

ఐఫోన్ వాళ్లు ఎవరైనా వెతుక్కుంటూ ఈ థ్రెడ్‌కి వస్తారని ఒక ముక్క. కార్‌ప్లే రాకపోతే, కేబుల్ సంగతి అయ్యాక, సిరి (మాటతో చెప్తే పనిచేసే ఐఫోన్ సహాయకురాలు) ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆపేస్తే కార్‌ప్లే రాదు, చాలామంది ఆపేసుకుని మరిచిపోతారు. ఫోన్ వాడకానికి హద్దులు పెట్టే స్క్రీన్ టైమ్ ఆంక్షల్లో అనుమతించిన యాప్‌ల జాబితాలో కార్‌ప్లే ఆగిపోయి ఉన్నా అంతే, పిల్లలకని పెట్టిన ఫోన్లలో ఇది నేను చూశాను. ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు కూడా కార్‌ప్లే నడవాలా అని మొదటిసారి అడుగుతుంది, అక్కడ వద్దని కొట్టారంటే ప్రతిసారీ లాక్ తీయాల్సిందే.


పక్కసీటు:

పది రోజులైంది, ఫలితం చెప్పకుండా పోయేవాళ్లలో నేనూ ఒకణ్ని కాకూడదని వచ్చాను.

స్క్రూడ్రైవర్ గారూ, మీరు చెప్పినట్టే ప్లగ్ ఒక పిసరు బయటే ఆగుతోంది. ఫోన్ ఆపి, చెక్క పుల్లతో, టార్చి వెలుతురులో పావుగంట కూర్చున్నాను. ముందు ఏమీ రాలేదు, అంతా శుభ్రంగానే ఉంది కదా అనుకున్నాను, ఇంకాస్త లోపలికి పోతే నీలం రంగు పీచు ముద్ద ఒకటి వచ్చింది, తర్వాత ఇంకోటి. నా జీన్స్ పాంట్ సగం అందులోనే ఉంది. ఇప్పుడు కేబుల్ టిక్ మని కూర్చుంటోంది, ఆ గుంతల దారినే మూడుసార్లు కావాలని వెళ్లాను, ఒక్కసారీ తెగలేదు. రెండేళ్లుగా ఇంట్లో చార్జర్ కొంచెం వదులుగా ఉందేంటా అనుకుంటూనే ఉన్నాను, చార్జర్‌ని తిట్టుకున్నాను పాపం.

బ్లూటూత్ ఆన్ చేస్తే కాల్స్ స్పీకర్లలో వస్తున్నాయి. కారు స్క్రీన్ రీసెట్ చేశాను, పేర్లన్నీ పోయాయి. చేసేముందు వెనకసీటు గారు చెప్పారని నావిగేషన్ తెరిచి చూస్తే ఇల్లు, ఆఫీసు, ఎవరిదో పాప స్కూలు అన్నీ ఉన్నాయి. కాసేపు ఏదోలా అనిపించింది. వెంటనే చెరిపేశాను.

మిగిలింది ఒక్కటే. ఇద్దరం కలిసి ఎక్కితే కారు ఇప్పటికీ ముందు మా ఆవిడ ఫోన్‌నే వెతుక్కుంటోంది. నా ఫోన్‌కి ప్రాధాన్యం ఇచ్చే మెనూ దొరికింది గానీ, అది మార్చాలంటే ఆమె పక్కన లేనప్పుడు మార్చాలి. పవర్ బ్యాంక్ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి పవర్ బ్యాంక్‌తోనే పెట్టేశాను, ఇక కారులోకి రాదు. నాకంటూ అర మీటరు కేబుల్ ఒకటి ఆర్డర్ పెట్టాను, అది వచ్చేదాకా ఆమె కేబులే, అదీ ప్రతిసారీ అడిగి తీసుకోవాలట.